ముప్పై మూడు మెట్లు, ఒక గాడిద

రొక్కాస్పీనా,
1908 జనవరి నెలాఖరు

పిన్నీ,

మన ఫాదరు డాన్ కల్లిస్తో తాత చరణాన్ని తీసేశాడు. క్షేమ సమాచారాలు తరవాత. ముందు తప్పు చేసినవాడి పేరు కాగితం మీద పడాలి కాబట్టి అక్కణ్ణించే మొదలుపెట్టాను.

నిన్న పూజ అయ్యాక పీఠం మీంచే ప్రకటించాడు. ఈ ఏడు మట్టలాదివారం నాడు మెట్ల పద్యం ముప్పై మూడు చరణాలతోనే ముగుస్తుందట. ప్రభువు లోకంలో ఉన్నది ముప్పై మూడేళ్ళు, చర్చి మెట్లు ముప్పై మూడు, కాబట్టి ముప్పై నాలుగో చరణం ఎవరో ఎప్పుడో తగిలించిన తోక. తోక అన్న మాటకి వెనక వరసల్లో నవ్వారు. తాత టోపీ ఒళ్ళో పెట్టుకుని, తనకి కానట్టు, కొవ్వొత్తుల వంక చూస్తూ కూచున్నాడు.

నేను ఊరుకున్నానా? చర్చి వెనక పూజ గదిలోకి వెళ్ళి నిలదీశాను.

"అయ్యా, కింది నుంచి లెక్కపెట్టండి. ఏడు పాపాలు, ఏడు సంస్కారాలు, ఏడు వరాలు, తొమ్మిది దూతగణాలు, పైన త్రిత్వం మూడు. మొత్తం ముప్పై మూడు, మెట్టుకొకటి, మెట్టుకో కుటుంబం. తిండిపోతుతనం రొట్టెల వాళ్ళది, పై మెట్టు తొర్నాబి వారిది, మెట్ల కింద నేల మీద చరణం మాది. ఆరొందల ఏళ్ళుగా ఇంతే కదా?"

"ఆరొందల ఏళ్ళ తప్పు కూడా తప్పే, అమీల్కరే. నువ్వు తోలు కొలుచుకో, పద్యం నేను కొలుస్తాను."

"అయితే ఈ ఊరు మీకు జవాబు చెబుతుంది."

"ఊరికి నేను బాప్తిస్మమిచ్చాను నాయనా. దాని గొంతు నాకు తెలుసు."

తలుపు ధడాలున వేసి బయటికొద్దామనుకున్నాను. పూజ గదికి ఉన్నది తెర. తెరని ఎంత కోపంగా లాగినా చప్పుడు రాదు.

చెప్పుల కొట్లో కూచుని కరపత్రం రాస్తున్నాను. అంకెల అంతరార్థం మీద స్టేషన్లో కొన్న పుస్తకం ఒకటి నా దగ్గరుంది. మొదటి నాలుగు పేజీలు జున్ను చుట్టడానికి పోయాయి గాని, రెండు నుంచీ అన్ని అంకెలూ నాకు బాగా వచ్చు. పేదవాడి చరణాన్ని పేదవాడికి ఇప్పించే దాకా నిద్రపోను. నిన్న మధ్యాహ్నం మాత్రం కాసేపు పోయాను.

మీ అక్క కొడుకు,
అమీల్కరే

స్పొలేటో, మఠం ఆసుపత్రి,
ఫిబ్రవరి రెండో వారం

ఒరేయ్ అమీల్కరే,

నీ ఉత్తరం నాకంటే ముందు మదర్ చదివారు. ఇక్కడ అందరి ఉత్తరాలూ అంతే. కవరు నా చేతికిస్తూ "సిస్టర్ సెరాఫీనా, మీ అబ్బాయికి చేతిరాత బాగుంది, నాడి మాత్రం కాస్త వేగంగా కొట్టుకుంటోంది" అన్నారు. కాబట్టి ఇక మీదట బూతులుంటే మర్యాదగా రాయి.

పేదవాడి చరణం అన్నావు. ఎప్పట్నించి? అది గాడిద చరణం రా. ఆత్మ దొరసాని గాడిదెక్కి కొండ కిందికి వస్తుంది, మెట్లు గాడిద ఎక్కలేదు, అది కిందే ఆగిపోతుంది. దొరసాని ఒక్కో మెట్టే ఎక్కి తలుపు ముందు నిలబడ్డాక కింది నుంచి గాడిద నోరు విప్పుతుంది. మా నాన్న, అదే మీ తాత, సున్నం బస్తాలు దింపి వచ్చి, చేతులు కడుక్కోకుండానే నన్ను ఒళ్ళో వేసుకుని చెప్పేవాడు:

*ఇందాకా మోసితి నిన్ను, ఇక నీదే దారి దొరసానీ,*
*గిట్టలకు మెట్లు లేవు, మెట్టుకు నీ పాదమే చాలు.*
*తలుపు తీసి అడిగితే ఎట్లా వచ్చితివని,*
*నడిచి వచ్చితినని మాత్రం చెప్పబోకు.*

చెప్పేటప్పుడు నాన్నకి ఏ సిగ్గూ లేదు. కరపత్రంలో గాడిద మాట ఉందా? లేదని ఇక్కణ్ణించే నాకు కనబడుతోంది. పెద్ద మాటలు రాసేవాళ్ళకి గాడిదలు అడ్డమొస్తాయి.

నాన్న గొంతు ఎలా ఉంది? పోయినేడు మట్టలాదివారం ఎలా జరిగిందో నువ్వు ఒక్క ముక్క రాయలేదు. మేకపాలల్లో తేనె వేసి ఇస్తున్నావా?

పిన్ని

రొక్కాస్పీనా,
ఫిబ్రవరి చివరి రోజులు

పిన్నీ, ముద్ర విప్పిన మదర్ గారికి కూడా నమస్కారం,

గెలిచాను. అయినా వినయంగానే రాస్తున్నాను, వినయం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు.

మన ఊరి ప్రెస్సులో ఉన్నది చావు కబుర్లు అచ్చేసే కాగితమే. కాబట్టి నా కరపత్రం నల్ల అంచుతో వచ్చింది. తెల్లారేసరికి గోడలన్నిటి మీదా అంటించాను. జనం ఆగి టోపీలు తీసి, శిలువ గుర్తు వేసుకుని, తరవాత చదివారు. ఎవరు పోయారని రొట్టెల వాళ్ళ ఆవిడ అడిగింది. "అన్యాయం పోయింది" అన్నాను. "ఎవరి తాలూకు?" అంది.

నా వాదం విను. ముప్పై మూడు మెట్లూ లెక్కలోవే. పాపాలు ఏడైతే అందులో ఒకటి ఏడోవంతు, దూతగణాలు తొమ్మిదైతే ఒకటి తొమ్మిదోవంతు. త్రిత్వంలో కూడా పై మెట్టు మూడోవంతే. మరి ఏ గుంపులోనూ లేకుండా ఒంటరిగా నిలబడ్డది ఏది? నేల మీద చరణం. ఒకటి అంటే ఎవరు? దేవుడు. అంటే ముప్పై నాలుగోది తోక కాదు, మొత్తం పద్యానికి తల. జున్ను చుట్టిన నాలుగు పేజీలు లేకపోయినా ఒకటి గురించి నేనే సొంతంగా కనిపెట్టాను చూశావా?

మందుల కొట్టాయన నన్ను కొట్లోకి పిలిచి కుర్చీ వేశాడు. పంతులుగారు "ఎక్కడ చదివావు?" అన్నారు. "కొట్లో" అన్నాను. నాలుగు రోజులుగా నేను వీధిలో కొంచెం నెమ్మదిగా నడుస్తున్నాను, జనం చూడ్డానికి వీలుగా.

గాడిద మాట రాయలేదు, నిజమే. కాగితం చాల్లేదు.

తాతకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విని, "బాగుందిరా, ఇది ఎవరి గురించి?" అన్నాడు.

అమీల్కరే

స్పొలేటో,
మార్చి మొదట్లో

ఒరేయ్,

కాగితం చాల్లేదా, ధైర్యం చాల్లేదా?

ఒక మాట చెబుతాను, గోడ మీద కాదు, నీ బుర్రలో అంటించుకో. మన వీధి చివర పాత కుండ పడి ఉంటే ఎవడూ తాకడు. అది బంగారపు కుండ అని నువ్వే కేకేస్తే, సాయంత్రానికి ఆ కుండ నీ వీధిలో ఉండదు. నువ్వు తాత చరణాన్ని గెలిపించలేదు నాయనా, దానికి ధర కట్టావు. ఇక కొనేవాడి కోసం చూడు.

గొంతు సంగతి మళ్ళీ దాటవేశావు. ఇది మూడోసారి అడగను.

పిన్ని

రొక్కాస్పీనా,
మార్చి మూడో వారం

పిన్నీ,

కొనేవాడు వచ్చాడు.

మన ఊరి దొర కావలియెరె తొర్నాబి గారు బూటు చేతికిచ్చి, మడమ ఊడిందని చెప్పి, ఊడని మడమ చూపించి, స్టూలు మీద కూచున్నారు. నా నల్ల అంచు కాగితం కోటు జేబులోంచి తీశారు.

"మా వంశం పై మెట్టు మీద చెబుతోంది, తెలుసుగా?"

"తెలుసండి."

"నీ లెక్క ప్రకారం నేను దేవుడిలో మూడోవంతునన్నమాట."

"లెక్క ప్రకారం అంతేనండి." ఇది అన్నది నేనే పిన్నీ, ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. పైగా చిరునవ్వు నవ్వాను.

"మరి మొత్తం దేవుడు మీ తాత బర్నబా దగ్గరున్నాడు."

"ఉన్నాడండి."

"సున్నం తోలేవాడి దగ్గర."

"అందులోనే ఉందండి గొప్ప" అని ఉపన్యాసం ఎత్తుకోబోయాను. ఆయన లేచారు. "ఇది ఇలా ఉండకూడదు. తలకాయ లాంటి చరణం ఊరికి తలకాయ లాంటివాడే చెప్పాలి" అని, బూటు మరిచిపోయి ఒంటికాలితో బండెక్కారు.

ఆదివారం డాన్ కల్లిస్తో మళ్ళీ పీఠమెక్కాడు. ముప్పై నాలుగో చరణాన్ని పునరుద్ధరిస్తున్నామనీ, దాన్ని కావలియెరె గారే చెబుతారనీ, చర్చి కప్పు బాగుచెయ్యడానికి కూడా వారే ఒప్పుకున్నారనీ ప్రకటించాడు. పైగా "మన యువకుడు అమీల్కరే విద్వత్తు వల్ల" అని నా పేరు చెప్పాడు. అందరూ నా వైపు తిరిగి తలలూపారు. బెంచీ కింద దూరదామంటే అక్కడ అప్పటికే రొట్టెల వాళ్ళ కుక్క ఉంది.

మొదటిసారి తాత చరణాన్ని డాన్ కల్లిస్తో తీసేశాడు. రెండోసారి నేను తీసేశాను. ఆయన పని కంటే నా పని గట్టిది, అచ్చులో ఉంది.

ఇంటికొచ్చాక తాత అన్నాడు, "పోన్లేరా. చరణం బతికింది గదా. నా నోట్లో ఉంటే ఏం, దొర నోట్లో ఉంటే ఏం." అని మన గాడిద కొంటెస్సాకి గడ్డి వెయ్యడానికి కొట్టంలోకి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే తొంగి చూశాను. పలుపుతాడు తన మెడలో వేసుకుని, కొంటెస్సా మొహం రెండు చేతుల్తో పట్టుకుని, చరణం చెబుతున్నాడు. నాకు మూడు బారల దూరంలో కూడా వినబడలేదు.

నువ్వు అడిగింది అదే కదా. గొంతు పోయింది పిన్నీ. సున్నం దుమ్ము లోపల కూచుందని డాక్టరు చెప్పాడు. పోయినేడు మట్టలాదివారం జోరున వాన. కింది చరణం పైకి వినబడితే గాని తలుపు తియ్యరు కదా. తాత మూడుసార్లు చెప్పాడు. పైవాళ్ళకి వానే వినబడింది. మెట్ల మీద ముప్పై మూడు మందీ తడిసి నిలబడ్డారు, ఎవరో పైనించి "గాడిదకి జలుబు చేసిందిరోయ్" అన్నారు. నాలుగోసారికి గంట కొట్టేవాడు దయతలచి తలుపు తీశాడు. తాత ఆ రోజు నించి ఆ మాట ఎత్తలేదు. ఈ ఏడు ఎలాగైనా వినబడేలా ఒక్కసారి చెప్పి, పలుపు నా చేతికివ్వాలని మాత్రం అన్నాడు. నాకు గాడిద అనిపించుకోవడం ఇష్టం లేక "చూద్దాంలే" అన్నాను.

ఇప్పుడేం చెయ్యమంటావు? పెద్ద మాటలన్నీ వాడేశాను. చిన్నవి నాకు రావు.

అమీల్కరే

స్పొలేటో,
మార్చి నెలాఖరు

అమీల్కరే, నాయనా,

మదర్ ఈసారి ఉత్తరం ఇస్తూ కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఏడుపు మాను. కావలియెరె గారు చరణం అడిగారు గదా, ఇచ్చెయ్యి. మొత్తం ఇవ్వు. నువ్వు కాగితంలో రాయనివి కూడా కలిపి ఇవ్వు. గాడిద చరణం చెప్పేవాడు ఉత్తి కాళ్ళతో రావాలి. మెడలో పలుపు ఉండాలి. తలుపు తీశాక ముప్పై మూడు మందీ లోపలికెళ్ళి రొట్టె, గొర్రెమాంసం, వైను పుచ్చుకుంటారు. తలుపు మళ్ళీ మూస్తారు. గాడిద బయటే ఉండాలి. నాన్న తన యౌవనమంతా ఆ మెట్ల కింద నిలబడ్డాడు, అమ్మ ఏప్రన్‌లో రొట్టె దాచి తెచ్చేది, నేను ఆయన కాళ్ళ మధ్య కూచుని తినేదాన్ని. ఆ పండగలో అంత రుచి నాకు లోపల ఎప్పుడూ తగల్లేదు.

కాబట్టి రెండో కాగితం రాయి. ఈసారి గాడిదని గాడిద అను. ఊరు నవ్వుతుంది. నవ్వనీ. నువ్వు ముందు నవ్వితే వాళ్ళ నవ్వుకి పదును ఉండదు. మా నాన్నకి అది తెలుసు, అందుకే తోక అన్నప్పుడు కొవ్వొత్తుల వంక చూశాడు.

గొంతు సంగతి ఆలోచిస్తున్నాను. ఒక గొంతు పైదాకా పోకపోతే ఏం చెయ్యాలి? బండి బురదలో దిగబడ్డప్పుడు మీ వీధివాళ్ళు ఏం చేస్తారో, అదే.

కింద మదర్ రెండు ముక్కలు రాస్తామన్నారు. చోటు వదిలాను.

పిన్ని

*అబ్బాయీ, నీ పుస్తకంలో జున్ను తినేసిన పేజీల్లో ఏముందో నేను చెబుతాను. పాత కవుల లెక్కలో ఒకటి అంకె కాదు. అంకెలన్నీ దాన్నించి పుడతాయి, తల్లిని బిడ్డల్లో కలిపి లెక్కపెట్టరు. కాబట్టి డాన్ కల్లిస్తో గారి ముప్పై మూడు ముప్పై మూడుగానే ఉంటుంది, నీ గాడిదా ఉంటుంది. గాడిద లెక్కలోకి రాదు. లెక్కలోకి రానివాళ్ళని మేము ఇక్కడ మంచాల మీద రోజూ చూస్తూనే ఉంటాం. ఈ మాట నా నమస్కారాలతో ఆయనకి చెప్పు, చదువుకున్నది గుర్తొస్తుంది. నువ్వు ఒకటి దేవుడని రాశావు. కాదనను. కాని మొదటి మట్టలాదివారం నాడు ఆయన ఏ జంతువు మీద ఊళ్ళోకి వచ్చాడో మరిచిపోయావు. మట్టలాదివారం నాడు మా మఠం బండి ఖాళీగా ఉంటుంది.*

రొక్కాస్పీనా,
ఏప్రిల్, మట్టలాదివారానికి ముందు గురువారం

పిన్నీ, మదర్ గారూ,

ఇద్దరూ చెప్పినట్టే చేశాను. పెద్దవాళ్ళు చెప్పినట్టు చెయ్యడం నాకు ఇదే మొదలు.

ముందు కావలియెరె గారింటికి బూటూ పలుపూ తీసుకెళ్ళాను. బూటు ఇచ్చి, "ఆదివారం ఇవి వద్దండి, ఉత్తి కాళ్ళతో రావాలి" అన్నాను. పలుపు చూపించాను. కొంటెస్సాది, వాసన సహా. తలుపు మూశాక బయట ఉండాలని కూడా చెప్పాను.

"ఎవరు బయట ఉండాలి?"

"గాడిదండి."

"ఏ గాడిద?"

"మీరేనండి. అది గాడిద చరణం. నేను కాగితంలో రాయడానికి సిగ్గుపడ్డాను."

లోపలినించి వాళ్ళావిడ నవ్వు వినబడింది. ఆయన పలుపు వంక చూసి, "మూడోవంతు దేవుడంటే తక్కువేం కాదు" అన్నారు. చర్చి కప్పు మాత్రం బాగుచేయిస్తారట, మాట పోకూడదని.

తరవాత డాన్ కల్లిస్తో దగ్గరికి. మదర్ గారి మాట అప్పజెప్పాను. ఆయన కోప్పడతాడని పిడికిళ్ళు బిగించుకుని వెళ్ళాను. ఆయన కుర్చీ చూపించాడు. బిగించిన పిడికిళ్ళతో కుర్చీలో కూచోవడం ఎంత ఇబ్బందో ఎవరూ రాయలేదు.

"ఒకటి అంకె కాదని నాకూ తెలుసురా. చిన్నప్పుడు బట్టీ పట్టాను. నాకు గాడిద మీద కోపమా? ఆ వానలో ముసలాయన మూడుసార్లు అరిచాడు, పైన వెధవలు నవ్వారు. నేను తలుపు వెనకే ఉన్నాను, ఆ నవ్వులు విన్నాను. ఈ ఏడు ఇంకా వినబడదు. మళ్ళీ అందరి ముందూ నిలబెట్టమంటావా? గొంతు పోయిందని చెప్పడం కంటే అంకె కుదరలేదని చెప్పడం మర్యాద అనుకున్నాను."

"మరి కావలియెరె గారికి ఇచ్చారేం?"

"నువ్వు దాన్ని దేవుణ్ణి చేశావు. దేవుణ్ణి బర్నబాకి అప్పజెబితే ఊళ్ళో నిద్రపట్టేదా? పైగా పూజ చేస్తుంటే నా నెత్తి మీద వాన పడుతోంది."

నేను నెలల తరబడి తిట్టిపోసిన మనిషి ఇదీ పిన్నీ. తిట్లన్నీ అచ్చులో ఉన్నాయి, వెనక్కి తీసుకోవడానికి లేదు. "వినబడితే తలుపు తీస్తారా?" అన్నాను. "వినబడితే నేనే తీస్తాను" అన్నాడు.

బండి బురదలో దిగబడ్డప్పుడు ఏం చేస్తామో అడిగావుగా, తలా ఒక చెయ్యి వేస్తాం. అదే చేస్తున్నాను. రెండో కాగితం అచ్చయింది, మళ్ళీ నల్ల అంచుతోనే, వాళ్ళ దగ్గర ఇంకేం లేదు. తాతకి చదివాను. ఈసారి ఎవరి గురించి అని అడగలేదు. "ఇంతమంది గాడిదలా? పలుపులెక్కడ తెస్తావురా?" అన్నాడు. "మొదటి పలుపు నీది తాతా. చెప్పడం అయ్యాక నాది" అన్నాను. ఆయన నా వంక చూసి, కొంటెస్సా వంక చూసి, "దానికీ చెప్పు, అది ఒప్పుకోవాలి" అన్నాడు.

రేపు గోడల మీద ఉండేది ఇది:

*రొక్కాస్పీనా జనానికి. ఎవరూ పోలేదు, టోపీలు పెట్టుకోండి.*

*పోయిన కాగితంలో ఒక తప్పుంది. రాసినవాడు నేనే, చెప్పులు కుట్టే అమీల్కరే. మెట్ల కింది చరణం దేవుడిది అన్నాను. అది గాడిదది. మా తాతది, నాది. సున్నం మోసినవాళ్ళది, గని రాయి మోసినవాళ్ళది, ఏటి నించి తడిబట్టల గంపలు మోసినవాళ్ళది, బిడ్డని చంకనేసుకుని కొండెక్కినవాళ్ళది. మెట్ల మీద మనకి చోటు లేదు. మనల్ని కలిపినా ముప్పై మూడు ముప్పై మూడే. లెక్కలోకి రానివాళ్ళు ఎంతమంది వచ్చినా ఒక్కటే.*

*మా తాత బర్నబాకి గొంతు పోయింది. చరణం ఆయనే మొదలుపెడతాడు, మెల్లగా. పక్కన ఉన్నవాళ్ళు అందుకోండి, వాళ్ళ పక్కవాళ్ళు అందుకోండి. నాలుగు పాదాలూ అందరికీ వచ్చు, రానట్టు నటించకండి. పైదాకా వినబడితే డాన్ కల్లిస్తో గారు స్వయంగా తలుపు తీస్తారు. మనం బయటే ఉంటాం. రొట్టె ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి, పక్కవాళ్ళకి ఒక ముక్క ఎక్కువ.*

*ఉత్తి కాళ్ళతో రావాలి. చెప్పులు నా కొట్లో వదలండి. పోతే కొత్తవి కుట్టి ఇస్తాను.*

*మట్టలాదివారం. సాయంత్రం ప్రార్థన గంట కొట్టగానే, ఆరు గంటలకి. మెట్ల కింద, నేల మీద.*